రాజుగారి విసనకర్ర కొలిమికి పోయిన కథ

అనగనగా దీపాలదిన్నె అనే పట్టణం. అక్కడ రాజుగారూ ఉండేవారు, కరెంటు దీపాలూ ఉండేవి. కథ కదా నాయనా, రెండూ ఉంటాయి.

ఊరి చివర కొండంత చెత్తకుప్ప. దాని పక్కన తుమ్మతోపు. ఆ తోపులో ఒక కాకమ్మ గూడు కట్టుకుని పిల్లల్ని సాకుతోంది.

ఒకనాడు భానోజీ అనే పనివాడు పరదేశం నుంచి వచ్చి, ఈ చెత్త కాల్చి కరెంటు పుట్టిస్తానని రాజుగారికి మాటిచ్చాడు. కుప్ప పక్కనే ఎత్తైన గొట్టంతో పెద్ద కొలిమి కట్టాడు. అన్నట్టే వీధుల్లో దీపాలు వెలిగాయి. కోటలో ఫ్యాన్లు తిరిగాయి. ఇక దీనితో పనేముందని రాజుగారు తన ఎర్రపట్టు అంచు విసనకర్రని చెత్తలో పారేయించారు.

ఊరంతా పండగ చేసుకుంది. కాకమ్మకి మాత్రం మింగుడు పడలేదు. దీపాలు వెలిగిన నాటి నుంచీ తోపులో చెట్లు మాయమవుతున్నాయి. ఇంకో వరస కొడితే తన గూడే.

కుప్ప మీద పొర్లుతున్న పందిని అడిగింది. "అన్నా, చెత్త నిజంగా కొలిమిలోకే పోతోందా?"

"పొద్దున్నే బళ్ళకి బళ్ళు లోపలికి పోతున్నాయిగా చెల్లీ. కోడిగుడ్డు మీద ఈకలు పీకే గుణం నీకు పోదు," అంది పంది.

మరి కుప్ప తరగదేం? కాకమ్మ గొట్టం చుట్టూ తిరిగి పొగ వాసన చూసింది. చెత్త పొగ అయితే కంపు కొట్టాలి. ఇది కమ్మగా, కట్టెల పొయ్యిలా ఉంది.

అనుమానం ఇంకా బలపడింది. కళ్ళారా చూసి తేల్చుకుందామని, ఆ ఎర్ర అంచు విసనకర్ర మీద కన్నేసి కూర్చుంది. పొద్దున అది బండెక్కి, ఊరివైపున్న కొలిమి గుమ్మంలోంచి లోపలికి పోయింది. సాయంత్రం ఎవరూ చూడని దొడ్డి గుమ్మంలోంచి వచ్చి మళ్ళీ కుప్ప మీద పడింది. మర్నాడూ అంతే. మూడోనాడూ అంతే.

కాకమ్మ దాన్ని ముక్కున కరుచుకుని ఎగిరి, నిండు కొలువులో రాజుగారి ఒళ్ళో పడేసింది.

"ఇది ఎప్పుడో బూడిదైపోయిందనుకున్నానే," అన్నారు రాజుగారు.

"మూడుసార్లు కొలిమికి పోయొచ్చింది ప్రభూ. అంచు కూడా మాడలేదు. మాడింది మా తోపు."

భానోజీ తల వంచుకున్నాడు. "ఊరివాళ్ళు గంజీ కాగితాలూ, కుళ్ళిన కూరలూ గుడ్డపేలికలూ ఒకే బుట్టలో పోస్తారు ప్రభూ. ఆ తడికి నిప్పంటుకోదు. ఆ మాట చెబితే వెళ్ళగొడతారని భయపడి చెట్లు కొట్టించాను."

రాజుగారికి కోపమూ వచ్చింది, సిగ్గూ వేసింది. కోటలో బుట్ట కూడా అలాంటిదే మరి. ఇక తోపు మీద గొడ్డలి పడకూడదన్నారు. ఇంటింటా తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు పెట్టాలని చాటింపు వేయించారు. విసనకర్రని తన చేత్తోనే పొడిబుట్టలో వేశారు.

పొడిది కొలిమికి పోయింది. తడిది మూసిన గోతిలో మురిగింది, అందులోంచి వచ్చిన గ్యాసూ కొలిమిలో మండింది. మొదట్లో దీపాలు మిణుకుమిణుకుమన్నాయి. కాకి మాట విని చీకట్లో పడ్డామని జనం సణుక్కున్నారు. కాకమ్మ మాత్రం ఈసారీ ఎవరినీ నమ్మలేదు. సాయంత్రం కాగానే దొడ్డి గుమ్మం దగ్గర కాపు కాసింది.

విసనకర్ర తిరిగి రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోనాడు చూస్తే కుప్ప కాస్త కుంగింది, దీపాలు నిలకడగా వెలిగాయి. అప్పుడు కాకమ్మ గూటికెళ్ళి, ఆ వెలుగులోనే పిల్లల నోటికి ముద్ద అందించింది.

వెలుగు వచ్చిందని మురిసేముందు, ఏది కాలితే వచ్చిందో చూసుకోవాలి.