ముసురులో నల్ల ఎర

ఈ కథ మొదట చెప్పినది వలలు అల్లే గవరమ్మత్త. ఆమె చెప్పినట్టే చెబుతాను. నడుమ ఎవరూ దిద్దవద్దు.

అనగనగా ఏటి ఒడ్డున ఒక కోట. ఆ ఏడు ఆరుద్ర కార్తెలో పట్టిన ముసురు వదలనే లేదు. పొయ్యిలో కట్టె అంటుకోదు, ఆరేసిన కోక ఆరదు. అటువంటి దినాలలో రాణి ప్రసవించింది. బిడ్డకు పాలు లేవు. కొర్రమీను పులుసు తాగితే పాలు పడతాయని మంత్రసాని చెప్పింది. కోట పక్క మడుగులో కొర్రమీను ఉంది. వరద నీటిలో వల నిలవదు, గాలమే దిక్కు.

"చేప పట్టినవారిదే మడుగు. మూడు దినాలలో పడకపోతే పూడ్పించి పొలం చేస్తాను" అన్నాడు రాజు.

ఆ మాట జాలరి పోలమ్మ చెవిన పడింది. ఆమె పొయ్యి వెలిగేది ఆ మడుగు మీదే. మగడు పోయినదీ ఆ మడుగులోనే. తన ఎర తీసుకుని కోటకు వెళ్ళింది.

ఆ కోటలో ఒక ఆచారం. ఏ పనిముట్టయినా సభలో దీపాల ముందు పెట్టి ఎంచాలి. కంసాలి వీరాచారి వెండిరేకు చేప తెచ్చాడు. తళతళలాడింది. వేటగాడు రామచిలుక ఈకలు కట్టి తెచ్చాడు. కళకళలాడింది. పోలమ్మది నల్లమేక వెంట్రుకలు చుట్టిన పుల్ల.

"ఇది ఎరా, దిష్టిబొమ్మ గడ్డమా?" అన్నాడు వీరాచారి. సభ నవ్వింది. పోలమ్మ ఆ మాట మింగింది గాని అరిగించుకోలేదు.

మొదటి దినం వెండిరేకు వేశారు. తాడు కదలలేదు. రెండవ దినం ఈకలు వేశారు. తాడు కదలలేదు. బిడ్డ ఏడుపు పిల్లికూన మూలుగంత అయింది.

మూడవ దినం పొద్దున పోలమ్మ మూడు ఎరలనూ ఒక వాసానికి కట్టి నీటి మీద వేలాడదీసింది. తాను మడుగులోకి దిగి మునిగింది.

"మగడిని వెతుకుతోంది కాబోలు" అన్నాడు ఒడ్డు మీద వీరాచారి.

నీటి అడుగున పోలమ్మ కళ్ళు తెరిచి పైకి చూసింది. మబ్బు వెలుగులో వెండి బూడిదలా కలిసిపోయింది. ఈకలు బురద రంగయ్యాయి. నల్లది ఒక్కటే కొర్రమీను మింగే కప్పలా కనబడింది.

పైకి తేలి, "ఆచారి బాబూ, దీపాలు సభలో ఉన్నాయి. చేప దగ్గర లేవు" అంది.

నల్ల ఎరను కప్ప దూకినట్టు నీటి మీద కొట్టింది. ఒకసారి, రెండుసార్లు. మూడవసారి నీరు పగిలింది. మూరెడు కొర్రమీను పడింది.

బిడ్డ బతికింది. మడుగు పోలమ్మకు దక్కింది. ఆమె పేరు రాయి మీద చెక్కమన్నాడు రాజు. ముసురని తాను వచ్చి చూసుకోలేదు. చెక్కినవాడు వీరాచారి బావమరిది. చెక్కినది వీరాచారి పేరు. చదువు రాని పోలమ్మ అది తన పేరే అనుకుని, చచ్చేదాకా ఆ రాయిని కడిగి పసుపు రాసింది.

చదువుకున్నవారెవరైనా ఆ రాయి మీద పేరు దిద్దించండి. ఎరను ఎంచవలసినది మన కంటితో కాదు, చేప కంటితో; అలా ఎంచినది పోలమ్మ.