గోదా మెత్తబడిన రోజు

హుసేనప్ప వస్తాదుకు ఒక అలవాటుండేది. తెల్లారగానే, కుస్తీలు నేర్పే తన తాలింఖానా తలుపు తీసి, పార పట్టుకుని గోదాలోకి దిగేవాడు. కాసేపు మట్టి తిరగేసి, నీళ్ళు చిలకరించి, అరచేత్తో ఒకసారి నిమిరి, ఆ తర్వాతే టీ తాగేవాడు. జ్వరం వచ్చిన రోజు ఒక మూల మాత్రమే తవ్వేవాడు. అసలు తవ్వకుండా మాత్రం ఉండేవాడు కాదు. గోదా చూడనివారికి ఒక మాట చెప్పాలి. కుస్తీలు పట్టే ఆ ఎర్రమట్టిలో నువ్వుల నూనె, మజ్జిగ, పసుపు కలుపుతారు. రోజూ కదిలిస్తూ ఉంటే అది పరుపు. వదిలేస్తే బండ.

ఆయన శిష్యుల్లో నాగవేణి అనే పిల్ల ఉండేది. మనసు పుట్టిన రోజు మగపిల్లలు నోరెళ్ళబెట్టేలా దండీలు, బస్కీలు తీసేది. ఆ తర్వాత వారం పాటు అయిపూ జాడా ఉండేది కాదు. కిందటేడు జిల్లా జట్టు ఎంపికలో బాగా పోరాడి, ఆఖర్న ఊపిరి అందక ఓడిపోయింది. ఈసారి కూడా ఓడితే కుస్తీ మానేసి కుట్టుమిషను నేర్చుకోవాల్సిందేనని వాళ్ళ నాయన తేల్చి చెప్పేశాడు.

ఒకరోజు ఆ పిల్ల ఉండబట్టలేక అడిగింది. "వస్తాదూ, మానేసిన రోజులకు రెండింతలు చేసి సరిపెడుతున్నా కదా! మళ్ళీ రోజూ రావాల్సిందేనని ఎందుకంటారు?"

వస్తాదు చేతిలోని పార ఆమెకిచ్చాడు. "బళ్ళారి పక్క ఉరుసు కుస్తీలకు పిలిచినారు, పోతా ఉండా. నేనొచ్చేదాకా గోదా నీది, పాపా. రోజూ కొంచెం కదిలించు. నేనొచ్చిన రోజే ఎంపిక, ఇందులోనే."

పార ఎవరి చేతిలో ఉంటే తవ్వకం వాళ్ళదే, ఇంకొకరు ముట్టుకోకూడదు. ఆ తాలింఖానా కట్టుబాటు అది. పైగా అది శెనక్కాయలు పీకే కాలం. మిగతా శిష్యులంతా చేలల్లో ఉన్నారు. నాగవేణి మొదటి రోజే మోకాలి లోతున తవ్వి పారేసింది. "ఇంత తవ్వినాక ఇంక వస్తాదు వచ్చేదాకా చూసే పనే లేదు" అని వాళ్ళమ్మతో గొప్పగా చెప్పి, మళ్ళీ అటు తిరిగి చూడలేదు.

ఎంపిక రేపనగా గుర్తొచ్చింది. పరుగెత్తుకెళ్ళి పార వేస్తే ఖణేల్‌మని మోగింది. పొద్దుగూకేదాకా మట్టితో యుద్ధమే చేసింది. గడ్డలు పగలక, బిందెల కొద్దీ నీళ్ళు కుమ్మరించింది. తెల్లారేసరికి పైన బురద, అడుగున బండ.

ఎంపికకు వచ్చిన పెద్దమనిషి గోదాలో కాలు పెట్టి జారాడు. "ఇందులో పిల్లల్ని దించితే ఎముకలు ఏరుకోవాల" అని, పోటీని దీపావళి తర్వాతకు వాయిదా వేశాడు. పక్క ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన రమీజా, నడుముకు తువ్వాలు బిగిస్తూ, "ఏమే వేణీ, కుస్తీ పడదామా, వరి నాట్లు వేద్దామా?" అంది. అందరూ నవ్వారు.

నాగవేణి కళ్ళనీళ్ళతో వస్తాదు ముందు చేతులు చాపింది. "నిన్నంతా తవ్వినా వస్తాదూ! బొబ్బలు చూడండి."

ఆయన తన అరచేయి ఆమె చేతుల పక్కన పెట్టాడు. ఏళ్ళ తరబడి పార పట్టిన చేయి. ఒక్క బొబ్బ లేదు. "శానా కష్టపడినావు, కాదనను. మట్టికే ఆ సంగతి తెలిసినట్టు లేదు."

పార వెనక్కి అడుగుతాడేమో అనుకుంది. అడగలేదు. ఆ మనిషి పెద్దరికమంతా అక్కడుంది.

మర్నాడు నాగవేణి వచ్చింది. బొబ్బల చేతులతో ఒక మూల మాత్రమే కదిలించగలిగింది. ఆ మర్నాడు ఇంకో మూల. కొన్నాళ్ళు హుషారుగా వచ్చింది, కొన్నాళ్ళు సణుక్కుంటూ వచ్చింది. ఎలాగూ వచ్చాను కదా అని నాలుగు బస్కీలు తీసేది, నాలుగు దండీలు తీసేది. ఎవరూ నోరెళ్ళబెట్టలేదు. ఆ రోజుల్లో చెప్పుకోదగ్గ రోజు ఒక్కటీ లేదు. అందుకే విడివిడిగా చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు.

దీపావళి దాటింది. పోటీ రోజున రమీజా ఉడుంపట్టు పట్టింది. కిందటేడు ఊపిరి అందని ఘడియ వచ్చింది. ఆ ఘడియ అలాగే వెళ్ళిపోయింది. ఊపిరి ఇంకా ఉంది. నాగవేణి రమీజా కాలు దొరకబుచ్చుకుని ఎత్తి పడేసింది. రమీజా దెబ్బేమీ తగలకుండా లేచి, జుట్టులో మట్టి దులుపుకుంటూ, "ఈసారి పరుపు బాగానే పరిచినావే!" అని నవ్వేసింది.

నాగవేణి రొప్పుతూనే వచ్చి వస్తాదు కాళ్ళకు దండం పెట్టింది. "నాకు ఈ ఊపిరి ఏ రోజు వచ్చింది వస్తాదూ? నాకే తెలియలేదు."

వస్తాదు వంగి గుప్పెడు మట్టి తీసుకుని, వేళ్ళ సందుల్లోంచి మెల్లగా జారవిడిచాడు.

"గోదా ఏ రోజు మెత్తబడిందో నువ్వు చెప్పు పాపా. అప్పుడు నేనిది చెబుతా."