వైద్యుడు తాగిన గంజి

ఒక రాజుగారి దగ్గర సోమయాజులని పెద్ద వైద్యుడుండేవాడు. నాడి పట్టుకునేవాడే గానీ రోగి మొహం ఎప్పుడూ చూసేవాడు కాదు. పచ్చకామెర్లతో వచ్చిన అప్పలకొండకి నలభై రోజులు పథ్యం పెట్టాడు. ఉప్పూ కారం లేని గంజి, అంతే. పదో రోజు ఆ గంజి అడుగున ఆవకాయ ముక్క దొరికింది.

"నాలుక కట్టుకోలేని పశువుకి నా మందు దండగ! గెంటెయ్యండి వీణ్ణి!" అని శిష్యుల మీద అరిచాడు.

మందు ఆగితే అప్పలకొండ బతకడు. అతని పెళ్ళాం నూకాలు చేతులు జోడించింది.

"అయ్యగారూ, నాలుక కట్టుకోడం మాకెవరు నేర్పారు? తమరు పక్కన కూర్చుని అదే గంజి తాగితే, మా మావ చూసి నేర్చుకుంటాడు."

శిష్యులంతా చూస్తున్నారు. "ఓస్, ఇంతేనా! నలభై రోజులూ తాగుతా," అన్నాడు వైద్యుడు.

మూడో రోజు మధ్యాహ్నం గంజి ముందు వైద్యుడు లేడు. వెతికితే వంటింట్లో, ఆవకాయ జాడీలో మోచేతిదాకా చెయ్యి పెట్టి దొరికాడు.

అప్పలకొండ మెల్లగా ఆ చెయ్యి బయటికి తీసి, తన తువ్వాలుతో తుడిచాడు.

"నాకూ మొదట్లో ఇలాగే ఉండేది బాబూ. కాస్త ఓర్చుకోండి. ఇంకెంత, ముప్పై ఏడు రోజులే కదా!"

"ఇంత మంచి మాట తమరు ముందే అనుంటే, మా మావ జాడీ జోలికెళ్ళేవాడా అయ్యగారూ?" అంది నూకాలు.

వైద్యుడు ఎర్రటి మూతితో పకపకా నవ్వేశాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పథ్యం పూర్తి చేశారు.

అప్పట్నుంచీ ఆయన దగ్గర చేరిన ప్రతి శిష్యుడికీ మొదటి పాఠం చప్పిడి గంజే. వడ్డించేది నూకాలు.