మేకులు పోసుకునే పెట్టె

"మాస్టారూ, నాకు వినబడటం లేదు," అన్నాడు పట్నాయక్.

ఆశీర్వాదం మాస్టారు కంగారుపడి, కుర్చీ ముందుకు జరుపుకుని, "డాక్టరుకి చూపించావా నాయనా?" అని గట్టిగా అరిచారు.

"చెవులు బాగానే ఉన్నాయి మాస్టారూ. పాటే వినబడటం లేదు."

విశాఖపట్నం సోల్జర్‌పేటలో, ఒక రెండు గదుల పెంకుటింట్లో, శుక్రవారం సాయంత్రం జరిగిన మాటలివి. మాస్టారికి డెబ్భై తొమ్మిదేళ్ళు. ఒకప్పుడు హార్బరు దగ్గర క్లబ్బులో శాక్సఫోన్ వాయించేవారు. ముందుపళ్ళు ఊడిపోయాక వాయించడం మానేసి, వినడం ఒక్కటీ మిగుల్చుకున్నారు. పట్నాయక్ కోర్టులో స్టెనో. ఇరవై ఏళ్ళ క్రితం ఆ ఇంటి కిటికీలోంచి వచ్చిన జాజ్ ముక్క ఒకటి విని, వాన కురుస్తున్నా కదలకుండా వీధిలోనే నిలబడిపోయాడు. మాస్టారు తలుపు తీసి తువ్వాలు చేతికిచ్చారు. అప్పటినుంచి గురుశిష్యులు. ఏం నేర్పుతారు, ఏం నేర్చుకుంటావు అని ఎవరైనా అడిగితే ఇద్దరి దగ్గరా జవాబు ఉండదు. కూర్చుని వింటారు, అంతే.

"ఎన్నాళ్ళయింది?" అన్నారు మాస్టారు.

"ఎనిమిది నెలలు. సీడీ పెడతాను. వాయించేది ఎవరో తెలుస్తుంది. ఏ ఏడు, ఏ ఊళ్ళో రికార్డు చేశారో తెలుస్తుంది. వెనక డ్రమ్స్ ఎవరో కూడా చెప్పేస్తాను. లోపల మాత్రం ఏమీ అవదు. పక్కింట్లో మిక్సీ తిరుగుతున్నట్టే ఉంటుంది." పట్నాయక్ కిటికీ వైపు తిరిగాడు. "అందుకే అన్నీ అమ్మేస్తున్నాను మాస్టారూ. సోమవారం పొద్దున్న బెంగుళూరు నుంచి ఒకాయన వ్యాను తెస్తున్నాడు. ఇంక ఈ సంగీతం జోలికి రాను."

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు. ఇరవై ఏళ్ళ శిష్యుడు చెప్పులు విప్పి లోపలికొచ్చి ఈ మాట చెబుతాడని ఆయన అనుకోలేదు.

"ఎన్ని పెట్టెలున్నాయి నీ దగ్గర?"

"రెండొందల పదకొండు."

ఆ పెట్టెలంటే మామూలువి కావు. ఒక్కొక్కదాంట్లో ఆరో, ఎనిమిదో, పన్నెండో సీడీలు, పక్కన బొమ్మల పుస్తకం. ఒక మనిషి జన్మంతా వాయించినదాన్ని ఒక అట్టపెట్టెలో సర్ది ఇస్తారు. కొత్తవి కొనాలంటే స్టెనో జీతం చాలదు.

"చివరిసారి నీ ఒళ్ళు ఎప్పుడు జలదరించింది?"

పట్నాయక్ చాలాసేపు ఆలోచించాడు. "గుర్తు లేదండి."

"చివరి పెట్టె ఎంతకి కొన్నావు?"

"నూట ఎనభైకి! బయట పన్నెండు వేలు పలుకుతుంది మాస్టారూ! పది సీడీలు, ఒక్క గీత లేదు!" ఈ జవాబుకి రెప్పపాటు కూడా పట్టలేదు.

ఇక ఎలా కొన్నాడో చెప్పడం మొదలుపెట్టాడు. పాపం, బాధ చెప్పుకోడానికి వచ్చినవాడు అది కాస్తా మరిచిపోయి అరగంట మాట్లాడాడు.

వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసు దాటాక, సన్యాసమ్మ కొట్టు ఉంది. ఓడల మీంచి దింపిన పాత సామాను, విదేశాల నుంచి కంటైనర్లలో వచ్చే తుక్కు, గుట్టలు గుట్టలుగా కొని పోస్తుంది. ఇత్తడి దీపాలు, తాళ్ళు, పింగాణీ పళ్ళేలు, వాటి మధ్యలో ఎక్కడో మూతపడిన లైబ్రరీలవాళ్ళు పారేసిన సీడీ పెట్టెలు. సన్యాసమ్మకి ఇంగ్లీషు రాదు. ఏ వస్తువు మీదా ధర రాసి ఉండదు. కొనేవాడి మొహం చూసి రేటు చెబుతుంది. వస్తువు కనపడగానే కళ్ళు మెరిశాయా, అయిపోయాడన్నమాటే. ఒకసారి చెప్పిన రేటు మీద రూపాయి తగ్గదు.

పట్నాయక్ మొదటి ఏడాది చాలా పోగొట్టుకున్నాడు. తర్వాత పట్టుదల వచ్చింది. ఇంట్లో అద్దం ముందు నిలబడి అభ్యాసం చేశాడు. కావలసిన పెట్టె కనపడితే దానివైపు రెండోసారి చూడకూడదు. పక్కనున్న కెటిల్ తీసి, మూత ఊపి, పెదవి విరవాలి. గరిటె బేరమాడి వద్దనాలి. ఊపిరి వేగం పెరగకూడదు. కొట్టు దిగబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, "ఆ అట్టపెట్టె ఇలా పడెయ్యి, మేకులు పోసుకోడానికి పనికొస్తుంది," అనాలి. తొమ్మిదేళ్ళు ప్రతి ఆదివారం ఇదే పని. ఇప్పుడు ఎంత గొప్పది కంటబడినా అతని మొహంలో నరం కదలదు.

"ఆవిడ నన్ను రాయి బాబు అంటుంది మాస్టారూ," అన్నాడు, గర్వం దాచుకోలేక.

మాస్టారు చేతికర్ర అందుకుని లేచారు. "ఆదివారం నేనూ వస్తాను. నన్ను తీసుకెళ్ళు."

ఆదివారం పదిగంటలకి ఇద్దరూ ఆటో దిగారు. దిగేముందు శిష్యుడు గురువుగారికి జాగ్రత్తలు చెప్పాడు. "లోపల ఏం కనపడినా మాట్లాడకండి. వేలు చూపించకండి. దయచేసి నవ్వకండి."

"అలాగే నాయనా," అన్నారు మాస్టారు, బుద్ధిగా.

కొట్లో సన్యాసమ్మ పీట మీద కూర్చుని బోల్టులూ నట్లూ వేరు చేస్తోంది. "రా బాబూ. ఎవరీ తాతగోరు?" అంది.

"మా మాస్టారు," అని పట్నాయక్ గుట్టల మధ్యకి నడిచాడు. నాలుగో అడుగులోనే కనపడింది.

పాత ఫ్యాను కింద, ముదురు నీలం గుడ్డ అంటించిన పెట్టె. పన్నెండు సీడీలు. ఒక శాక్సఫోన్ వాద్యకారుడు బతుకు చివర్లో ఒక చిన్న హోటల్లో వాయించినవి, అచ్చయింది కొన్ని వందలే. తొమ్మిదేళ్ళ నుంచి అతను వెతుకుతున్నది అదే. పట్నాయక్ కాలు ఆగలేదు. కన్ను ఆగలేదు. చెయ్యి తనంతట తనే పోయి ఒక కెటిల్ అందుకుంది. అంత మొనగాడు.

వెనక నుంచి కేక వినబడింది.

"అయ్యో నా తండ్రీ!"

మాస్టారు కర్ర పారేశారు. రెండు చేతులతో ఫ్యాను పక్కకి నెట్టి, ఆ పెట్టె తీసి గుండెకి హత్తుకుని, బోర్లించిన ఇనప బకెట్టు మీద కూలబడ్డారు. ముసలాయన కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి. "ఇది ఉందని విన్నానే గానీ చూస్తాననుకోలేదు. నీకు ఎక్కడ దొరికిందమ్మా? ఏ మహానుభావుడు పంపించాడమ్మా నీ కొట్టుకి?"

పట్నాయక్ చేతిలో కెటిల్ ఉండిపోయింది. తొమ్మిదేళ్ళ విద్య గంగలో కలిసింది.

సన్యాసమ్మ ముసలాయన మొహం చూసింది. తాపీగా చూసింది. "మూడు వేలు," అంది.

"తక్కువ చెప్పావమ్మా," అన్నారు మాస్టారు.

ఆ కొట్లో ఆ మాట ఇంతవరకు ఎవరూ అనలేదు. సన్యాసమ్మ చేతిలో నట్టు కింద పెట్టేసింది. "ఏటుందేటి మేస్టరుగోరూ అందులోన?"

"పెట్టి చూద్దామా?"

ఆవిడ లేచి, తుక్కులోంచి పనిచేసే సీడీ ప్లేయరు ఒకటి లాగి, పైటచెంగుతో దుమ్ము తుడిచి, తన పీట పక్కన తిరుగుతున్న ఫ్యాను వైరు పీకేసి ఆ ప్లగ్గులో పెట్టింది. మాస్టారు మొదటి సీడీ వేశారు.

ముందు ఒక ఊపిరి వినబడింది. తర్వాత స్వరం. ఒక్క శాక్సఫోనే, ఇంకేమీ లేదు. ఎవరో పక్కన కూర్చుని ఏదో చెప్పబోయి, మాట రాక ఆగి, మళ్ళీ మొదటినుంచి అందుకున్నట్టుగా ఉంది. ఈ పెట్టె గురించి చదివినదాన్ని బట్టి పట్నాయక్ అలవాటు కొద్దీ లెక్క వేశాడు: ఫలానా ఏడు, శీతాకాలం, మైకు కుడివైపు, రెండో పాట దగ్గర పియానో వస్తుంది. పియానో సరిగ్గా అక్కడే వచ్చింది. అతనికి ఏమీ అవలేదు.

సన్యాసమ్మ మాత్రం నిలబడినచోటే ఉండిపోయింది. మేకులు కావాలని వచ్చిన మేస్త్రీని చేత్తో ఆపింది. వాడూ చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పాట అయ్యేసరికి ఆవిడ పట్నాయక్ వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"బాబూ, ఆ మడిసి ఏడుస్తన్నాడా, నవ్వుతన్నాడా?"

పట్నాయక్ నోరు తెరిచాడు. అతనికి ఏ ఏడో తెలుసు, ఏ ఊరో తెలుసు, ఆ రాత్రి హాల్లో ఎంతమంది ఉన్నారో కూడా తెలుసు. ఇది తెలియదు. ఈ ప్రశ్న అతనికి ఎప్పుడూ తట్టనే లేదు.

"ఇది నాను అమ్మను," అంది సన్యాసమ్మ. "నా దగ్గరే ఉంటాది."

"అమ్మా!" పట్నాయక్ కెటిల్ వదిలేశాడు. "ఎంతైనా ఇస్తాను. ఐదు వేలు తీసుకో. పది వేలు తీసుకో. నా దగ్గర రెండొందల పదకొండున్నాయి, ఇది ఒక్కటే లేదు!"

"రెండొందల పదకొండేటి?"

ఆవిడ అడిగాక గానీ తనేం అన్నాడో పట్నాయక్‌కి తెలియలేదు. సన్యాసమ్మ మెల్లగా గుర్తు తెచ్చుకుంటోంది. అట్టపెట్టెలు. నల్లవి, ఎర్రవి, పొడుగువి. నెలకి ఒకటో రెండో.

"ఆ మేకుల పెట్టెలా బాబూ? అన్నీ ఇలాటియ్యేనా?"

"ఇలాంటివే," అన్నాడు పట్నాయక్.

కోప్పడుతుందని, డబ్బు మాట ఎత్తుతుందని అనుకున్నాడు. దానికైతే అతని దగ్గర జవాబు ఉంది. వ్యాపారం వ్యాపారమే కదా అంటాడు. ఆవిడ డబ్బు మాట ఎత్తలేదు.

"తొమ్మిదేళ్ళు ఈ ఇనుం మజ్జిన కూకున్నాను," అంది. "ఇలాటిది నా కొట్లోనే ఉందని ఒక్కపాలి నాకు సెప్పనేదేటి బాబూ?"

పట్నాయక్ తల దించుకున్నాడు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. మాస్టారి వైపు చూశాడు, ఆయన ఏదైనా అని తనని గట్టెక్కిస్తారేమోనని. మాస్టారు తన పనిలో ఉన్నారు. రెండో సీడీ తీసి, అంచులు పట్టుకుని, వెలుతురికి తిప్పి చూసి, ప్లేయరులో పెట్టారు.

మళ్ళీ ఊపిరితోనే మొదలైంది.

ఈసారి పట్నాయక్ ఏ ఏడో లెక్కవేయలేదు. సిగ్గుపడినవాడికి లెక్కలు తోచవు. ఆ ఊపిరి ఒక మనిషిదని మాత్రం తోచింది. పోయి యాభై ఏళ్ళయిన మనిషి. ఎక్కడో సముద్రాల అవతల, జబ్బు పడిన గుండెతో, పళ్ళాలు తీస్తున్న హోటల్లో ఊపిరి పీల్చాడు. ఇదిగో, ఇప్పుడు, వన్‌టౌన్‌లో, బకెట్ల మధ్య, ఒక మేస్త్రీ ముందు, సన్యాసమ్మ ముందు, తన ముందు, దాన్ని వదులుతున్నాడు. వేడిగా ఉంది అది. పట్నాయక్‌కి భయం వేసింది. ఇంత పెద్ద సంగతిని తను ఇంట్లో గాజు బీరువాలో వరసగా నిలబెట్టుకున్నాడు. అటువంటివాళ్ళు రెండొందల పదకొండు మంది.

స్వరం పైకి వెళ్ళింది. అక్కడ విరిగిపోతుందనుకున్నాడు. విరగలేదు. ఒక సన్నటి దారంలా నిలబడి, అలాగే నిలబడి, ఉన్నట్టుండి విచ్చుకుంది. పట్నాయక్ వెన్నులోంచి మెడదాకా ఏదో పాకింది. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పెదవులు వణుకుతున్నాయని తెలిసినా ఆపుకోలేదు. ఆపుకోవడం ఎలాగో గుర్తు రాలేదు కూడా.

జేబులో ఫోను మోగింది. బెంగుళూరు ఆయన. పట్నాయక్ ఫోను తీసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "రావద్దండి, ఏదీ అమ్మడం లేదు," అని చెప్పి ఆపేశాడు. బోల్టుల గుట్ట పక్కనే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"వచ్చే ఆదివారం ఇంకోటి తెస్తానమ్మా," అన్నాడు సన్యాసమ్మతో. "ఇక్కడే పెట్టుకుందాం. ఆ తర్వాత ఇంకోటి. అన్నీ తెస్తాను."

ఆవిడ తల ఊపింది. ఆవిడ ధ్యాస మాటల మీద లేదు.

కొంతసేపటికి మాస్టారు బకెట్టు మీంచి ముందుకి వంగి, శిష్యుడి చెవి దగ్గర అడిగారు.

"వినబడుతోందా నాయనా?"

పట్నాయక్ ఆయన వైపు తిరగనైనా లేదు. కళ్ళు ఆ పెట్టె మీదే ఉంచి, ఊరుకోమని గురువుగారికి చెయ్యి అడ్డం పెట్టాడు.