ఆపే కణాలు

ఈ మాట ఇంతవరకు నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. మా పరిశోధన పేపరులోంచి రమీజా పేరు తీసేసింది నేనే. తనే వద్దందని ఇమ్మానుయేలు మాస్టారికి అబద్ధం చెప్పాను. ఆ పేపరు వచ్చే వారం అచ్చుకి పోతోంది.

నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. వీడియోలు చూసి కంప్యూటర్ పని నేర్చుకున్నాను. మెదడు మీద పరిశోధన చేసే మాస్టారు ఆ ఒక్కటే చూసి నన్ను తీసుకున్నారు. మెదడు ముందుభాగంలో కణాలు లయ ఎలా పుట్టిస్తాయో కంప్యూటర్లో చేసి చూపించాలి. పక్క కుర్చీలో, నాతోపాటే ఆ పని చేసే రమీజా. నేను గ్రాఫు గీసినప్పుడల్లా ఒకటే మాట: "ఆగవే తల్లీ, ఇంకోసారి చూద్దాం."

"వద్దనడం తప్ప నీకింకేం వచ్చే?" అనేశాను ఒకరోజు, అందరి ముందూ.

మర్నాటి నుంచి తను రాలేదు.

నాలుగు నెలలైంది. నిన్న మాస్టారు నా దగ్గరికి వచ్చారు. గొప్పగా చెప్పాను.

"కొన్ని కణాలు పక్కవాటిని ఆపడానికే ఉన్నాయి కదండీ. వాటిని కాస్త తగ్గిస్తే లయ జోరందుకుంటుంది."

"కాస్తెందుకమ్మా? మొత్తం తీసెయ్యి."

తీసేశాను. ఒక్కో కణం మోగినప్పుడల్లా తెర మీద ఒక చుక్క పడుతుంది. క్షణంలో తెరంతా చుక్కలే. దేనికవే ఆగకుండా మోగుతున్నాయి. కింద లయ చూపే గీత మాత్రం చాపలా పరుచుకుపోయింది.

"జోరు బాగానే ఉంది," అన్నారు మాస్టారు. "లయ ఏదీ?"

ఆయనే ఆ కణాలను తిరిగి పెట్టారు. చుక్కల మధ్య సందులు పడ్డాయి. అన్నీ కలిసి మోగాయి, ఆగాయి, మళ్లీ మోగాయి. గీత అలలా లేచింది.

అప్పుడాయన పక్క కుర్చీలో నేను పడేసిన బ్యాగు తీసి నా ఒళ్లో పెట్టారు. కుర్చీ మీది దుమ్ము తన చేతిరుమాలుతో తుడిచారు.

"పేరు తనే వద్దంది అన్నావు కదూ?" అని నెమ్మదిగా అడిగారు.

జవాబు కోసం ఆగకుండా తన గదిలోకి వెళ్లిపోయారు.

రమీజా ఫోను ఎత్తకపోవచ్చు. ఎత్తి తిట్టొచ్చు. తిట్టనీ. ఇది రాయడం ఆపి, ఇప్పుడే తనకి ఫోను చేస్తాను.