ఖాళీ అని చెప్పిన డిస్కు

చీరాలలో మస్తాన్ మాస్టారి దగ్గర కంప్యూటర్లో లినక్స్ నేర్చుకుంటున్న ముకుందకి తెలివికేం లోటు లేదు. అవతలివాళ్ళు అడగడం పూర్తికాకముందే జవాబు చెప్పేస్తాడు, అదొక్కటే తెగులు.

ఆ మధ్యాహ్నం మాస్టారు నమాజుకెళ్ళి వచ్చేసరికి ముకుంద మంచి హుషారు మీదున్నాడు.

"సువార్తమ్మగారని ఒకావిడ హార్డ్‌డిస్కు తెచ్చారు మాస్టారూ. వాళ్ళాయన చర్చిలో పాడిన పాటలన్నీ అందులోనే ఉన్నాయంట. ఆయన పోయి ఏడాదైందంట. పెట్టి చూశాను. ఒక్క పార్టిషన్ కూడా లేదు, మొత్తం ఖాళీ. అదే చెప్పి పంపించేశాను."

"ఆవిడేమన్నారు?"

"అయితే మా ఆయన ఇంకోసారి పోయాడన్నమాట, అన్నారు."

మాస్టారు ముకుంద సొంత డిస్కు దగ్గరికి లాక్కున్నారు. తెర మీది అంకెలు ఏవో చిన్న కాగితం మీద రాసుకున్నారు. తర్వాత ఒక కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కారు.

తెర మీద ముకుంద పార్టిషన్లన్నీ, అంటే డిస్కులో గీసుకున్న గదులన్నీ, మాయమైపోయాయి.

"మాస్టారూ! ఏం చేశారు? నా రెండేళ్ళ పని అందులోనే ఉంది! ఇంకో కాపీ కూడా లేదు!"

"ఏముంది? మొత్తం ఖాళీ," అన్నారు మాస్టారు.

ముకుంద బల్ల పట్టుకుని నిలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ. గురువుగారికి మతిపోయిందనే అనుకున్నాడు పాపం.

మాస్టారు కాగితం అతని చేతిలో పెట్టారు. "పార్టిషన్లు మళ్ళీ చెయ్యి. ఇవే అంకెలు, ఇక్కడ మొదలు, ఇక్కడ చివర. ఫార్మాట్ మాత్రం చెయ్యకు."

ముకుంద ఆ అంకెలే కొట్టాడు. తెరిచి చూస్తే ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కటీ పోలేదు.

"నేను చెరిపింది హద్దుల పట్టిక," అన్నారు మాస్టారు. "లోపలి సరుకు ముట్టుకోలేదు. ఫార్మాట్ చేసి, పైన వేరేవి ఎక్కిస్తేనే అది పోయేది."

ముకుంద ఊపిరి పీల్చుకున్నాడు. అంతలోనే ముఖం మాడిపోయింది. "మరి ఆవిడ డిస్కు అంకెలు మన దగ్గర లేవుగా?"

"లోపల ఫైళ్ళని సర్దిపెట్టే ఫైల్‌సిస్టమ్ ప్రతి పార్టిషన్ మొదట్లో తన గుర్తు వేసుకునే ఉంటుంది. ఓపిగ్గా వెతికితే దొరకొచ్చు. డిస్కేదీ?"

"ఆవిడే పట్టుకెళ్ళారు."

"దాన్నేం చేసుకోమన్నావు?"

ముకుంద తల వంచుకుని అన్నాడు. "బస్టాండ్ దగ్గర కొట్లో ఫార్మాట్ చేయించి, దాన్నిండా సినిమా పాటలు ఎక్కించుకోమన్నాను."

మాస్టారు అప్పటికే బండి తాళం తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

"చెప్పులు తర్వాత వేసుకుందువుగాని, పద!"