ఏమడిగినా నక్క పేరే

వాగు దాటే రేవు దగ్గర మద్దిచెట్టు మీద ఒక గోరింక ఉండేది. అడవిలో ఏది ఎక్కడ దొరుకుతుందో దానికి తెలుసు. దారినపోయే జంతువులు తలెత్తి అడిగేవి, అది చెప్పేది. అడిగినవాళ్ళ దగ్గర ఏమీ పుచ్చుకునేది కాదు. ఎవరి పేరు చెప్పిందో వాళ్ళ దగ్గర పుచ్చుకునేది. అదీ, విన్నవాడు లేచి వెళ్ళి ఆ గుమ్మం తొక్కితేనే. తొక్కినవాడు బేరం చేశాడా, ఊరికే చూసి పోయాడా అన్నది గోరింకకు అనవసరం.

ఆ ఏడు వానలు దగ్గరపడ్డాయి. అద్దెకు బొరియలిచ్చేవాళ్ళు అక్కడ ఇద్దరే. ముళ్లపంది మెరక మీద, నీరు పోయే వాలు చూసుకుని, నిదానంగా తవ్వింది. నక్క వాగు ఒడ్డునే తవ్వింది, అదీ ఒక మధ్యాహ్నం తోచక. కానీ నక్క ఇంట్లో వేరుశనక్కాయలు గుట్టగా ఉన్నాయి. కష్టపడి సంపాదించానని చెప్పుకునేది. రైతులు ఇంకోలా చెప్పుకునేవారు. వానాకాలమంతా నక్కా, దాని పిల్లలూ బతకాల్సింది ఆ గుట్ట మీదే.

ఒక పొద్దున నక్క చెట్టు కిందికి వచ్చేసరికి ముళ్లపంది అక్కడే ఉంది.

"పిన్నీ, బొరియ కావాలని ఎవరైనా అడిగితే ముందు ఎవరి పేరు చెబుతున్నావు?" అని గోరింకను అడిగింది నక్క.

"ముళ్లపంది పేరు. ఒక్కొక్కడు గుమ్మం తొక్కినందుకు నాకు రెండు కాయల చొప్పున ఇస్తోంది."

"నేను మూడిస్తా."

"నాలుగు," అంది ముళ్లపంది.

"అయిదు."

ముళ్లపంది వేళ్ళ మీద లెక్క చూసుకుంది. "చాలు బావా, నువ్వే ఉంచుకో. పదిమంది వస్తే ఒకరు దిగుతారు. ఆ ఒక్కరిచ్చే అద్దె మిగతా తొమ్మిదిమంది ఖర్చు కూడా మొయ్యాలి. ఇంత రేటుకి మొయ్యదు."

"వెనక్కి తగ్గేవాళ్ళకి లెక్కలు భలే వస్తాయి," అంది నక్క. "పిన్నీ, అయిదు కాదు, పది. ఇంకెవరూ నా జోలికి రాకూడదు."

ముళ్లపంది గోరింకతో అంది: "నా సంగతి వేరే. 'తడవని బొరియ' అని అడిగినవాళ్ళకే నా పేరు చెప్పు. రెండు కాయలే."

"అలా అడిగేవాళ్ళు తక్కువ."

"తక్కువే. కానీ వాళ్ళు ఉండటానికొస్తారు."

నక్క నవ్వింది. "నాకు ఆ పిసినారితనం వద్దు. ఎవరేమడిగినా ముందు నా పేరే చెప్పు."

"ఏమడిగినా?"

"ఏమడిగినా. నా పేరు అడవంతా మోగిపోవాలి."

"వానలు వెలిసేదాకా మాట మార్చడం కుదరదబ్బాయ్."

"ఎందుకు మారుస్తాను," అంది నక్క.

మర్నాటి నుంచి జనం విరగబడ్డారు. ముందు నెమలి వచ్చింది.

"పాములేవీ?"

"ఇది అద్దె బొరియ."

"నేనడిగింది పాములు. గోరింక నీ పేరు చెప్పింది," అని నెమలి వెళ్ళిపోయింది. గోరింక బొరియ పక్కనున్న కొమ్మ మీదికి దిగి పది కాయలు పుచ్చుకుంది.

తరువాత తాబేలు వచ్చింది. "నీ ఇల్లు నీ వీపు మీదే ఉందిగా?" అంది నక్క.

"ఉంది. అది గోక్కోవడానికి గరుకు రాయి కావాలి." తాబేలు వెళ్ళిపోయింది. ఇంకో పది.

దున్నపోతు వచ్చి లోపలికి తల పెట్టి చూసింది. గుమ్మం సగం విరిగింది. "బురద బాగుంది," అని మెచ్చుకుంది. నక్క సరుకును మెచ్చుకున్నది అది ఒక్కటే.

నిజంగా బొరియ కోసం వచ్చింది కుందేలమ్మ, పిల్లలతో. లోపల కాలు పెట్టి, తీసి, కాలికేసి చూసుకుంది.

"నేల చెమ్మగా ఉందన్నయ్యా."

"చల్లదనం, చెల్లెమ్మా."

"పిల్లలకి దగ్గు," అని కుందేలమ్మ రేవుకి తిరిగి వెళ్ళి తడవని బొరియ ఎక్కడని అడిగింది. గోరింక ముందు నక్క పేరు, తరువాత ముళ్లపంది పేరు చెప్పింది. మొదటిది చూసొచ్చిందే కాబట్టి కుందేలమ్మ మెరక మీదికి నడిచింది. ముళ్లపంది గోరింకకు రెండు కాయలిచ్చి, కుందేలమ్మను వానాకాలానికి దింపుకుంది.

నక్కకు ఒళ్ళు మండింది. "పిన్నీ, వీళ్ళలో ఒక్కరూ దిగలేదు."

"దిగుతారని నేనెప్పుడన్నాను? పేరు చెబుతానన్నాను. చెబుతున్నాను."

వాన మొదలైన రోజుకి గుట్ట పోయి గుప్పెడు కాయలు మిగిలాయి. వాగు పొంగి నీళ్ళు గుమ్మంలోకి వచ్చాయి. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే నక్క గుమ్మం దాటి వానలోకి దూకింది. తడుస్తూ మద్దిచెట్టు కిందికి పరిగెత్తింది.

"పిన్నీ, తినడానికి ఏమైనా ఎక్కడ దొరుకుతుంది?"

"నక్కగారి బొరియలో," అంది గోరింక.

"నేనే నక్కని."

"కనబడుతూనే ఉంది."

"నా ఇంట్లో తిండి లేదు."

"ఏమడిగినా అన్నావు. మాటంటే మాటే."

ఆ వానలో ఇంకెక్కడికి పోతుంది? నక్క ఇంటికే తిరిగొచ్చింది. లోపలికి అడుగుపెట్టేసరికి గోరింక పక్క కొమ్మ మీద వాలింది.

"పది," అంది.

పిల్లలు మిగిలిన కాయలు తెచ్చి ముందు పెట్టాయి. తొమ్మిదే ఉన్నాయి.

"పరవాలేదు, ఆ ఒక్కటీ తరువాత ఇద్దువులే," అంది గోరింక. మొహమాటం తెలిసిన పిట్ట.

నీతి: ఎవరిని పిలుస్తున్నామో తెలియకపోతే, గుమ్మం తొక్కిన ప్రతివాడూ ఖర్చే.